నావికుడి జాడ సైన్యం పెట్టెల్లో

యుద్ధఖైదీగా చిక్కిన నావికుడి వివరాలు కావాలంటే ఎవరైనా ముందు నౌకాదళం కాగితాలే తిరగేస్తారు. లండన్‌లో క్యూ అనే చోట ఉన్న బ్రిటిష్ జాతీయ అభిలేఖాగారంలో, కుటుంబాల తరఫున పాత రికార్డులు వెతికిపెట్టడం నా వృత్తి. నేను చూసినంతలో, నావికుడు శత్రువు చేతికి చిక్కిన రోజునుంచి నౌకాదళం పుస్తకం దాదాపు మూగబోతుంది. ఏ ఓడలో ఎన్నాళ్లు చేశాడు, నడవడిక ఎలాంటిది, ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, అన్నీ వరసగా ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్‌కు చిక్కినవాళ్ల మూడున్నరేళ్ల చెరకు మాత్రం ఒకటి రెండు మాటలు. మిగతా కథంతా సైన్యాన్ని చూసుకునే వార్ ఆఫీసు ఫైళ్లలో దొరుకుతుంది.

ప్లిమత్ నుంచి ఒకావిడ తన తాతగారి గురించి నాకు రాశారు. ఆయన హెచ్‌ఎంఎస్ ఎక్సెటర్ అనే క్రూయిజర్‌లో స్టోకర్, అంటే బాయిలర్ల దగ్గర పని. 1942 ఫిబ్రవరి 27న జావా సముద్ర యుద్ధంలో ఫిరంగి గుండు ఆ ఓడ బాయిలర్ గదిలోనే పేలింది. ఆయన బతికి బయటపడ్డారు. మార్చి 1న ఓడ మునిగింది. ఆరు వందలకు పైగా నావికుల్ని జపాన్ నౌకలు నీళ్లలోంచి తీసి, సెలెబిస్ దీవిలోని మకస్సర్ శిబిరానికి చేర్చాయి. ఆయన అక్కడే పోయారని, అక్కడే పూడ్చారని యుద్ధం ముగిశాక నాన్నమ్మకు ఉత్తరం వచ్చింది. కానీ కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితాలో ఆ పేరు గల నావికుడి సమాధి అంబన్‌లో ఉంది. అంబన్ వేరే దీవి, సముద్రం దాటి పోవాలి. ఆ సమాధి తమ తాతదో, అదే పేరున్న ఇంకొకరిదో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ పేరు బ్రిటన్‌లో వీధికొకరికి ఉంటుంది. అందుకే నేను పేరును నమ్మను, సర్వీసు నంబరు అడుగుతాను. ఆ రోజుల్లో రాయల్ నేవీ నంబరు ముందుండే అక్షరాలే సగం చెప్పేస్తాయి. డి అంటే డెవన్‌పోర్ట్ డివిజన్, సి అంటే చాతం, పి అంటే పోర్ట్స్‌మత్. దాని వెనక కేఎక్స్ ఉంటే స్టోకర్, జేఎక్స్ ఉంటే సీమన్. ఆవిడ దగ్గర ఉన్న పతకాల పెట్టె మీద నంబరు లేదు. నాన్నమ్మ దాచుకున్న పెన్షన్ కాగితం మీద మాత్రం ఉంది.

ఆ నంబరుతో వార్ ఆఫీసు ఫైళ్లలో డబ్ల్యూఓ 345 అనే వరస తెరిచాను. జపాన్ అధికారులు మిత్రదేశాల ఖైదీలకు రాసిన కార్డులవి, సుమారు 57,000. 1945 ఆగస్టులో వాళ్లు ఎన్నో కాగితాలు తగలబెట్టారు, ఈ కార్డులు మిగిలాయి. పేరు కటకానా అనే జపాన్ లిపిలో ఉంటుంది. అందులో ఎల్‌కీ ఆర్‌కీ తేడా లేదు, కాబట్టి ఇక్కడా నంబరే దిక్కు. తేదీలు షోవా శకంలో ఉంటాయి. 17 అని ఉంటే 1925 కలుపుకోవాలి, 1942 వస్తుంది. ఏ శిబిరంనుంచి ఏ శిబిరానికి మార్చారో చూడటం ముఖ్యం. ఎందుకంటే మకస్సర్ ఖైదీల్లో చాలామందిని 1942 చివర్లో నాగసాకి ఓడల కర్మాగారానికి తరలించారు. ఈయన్ని తరలించలేదు. కార్డు మీద ఆ మూలనుంచి ఈ మూలకు రెండు ఎర్రగీతలు ఉన్నాయి. ఖైదీ చనిపోయాడనడానికి అది గుర్తు.

ఆ కార్డులో నన్ను ఎప్పుడూ పట్టి నిలిపేవి వేరే గళ్లు. తండ్రి పేరు, తల్లి పేరు, వృత్తి, కబురు పంపాల్సిన ఇంటి చిరునామా. తిండి సరిగా పెట్టకుండా చంపిన ప్రభుత్వమే ఆయన తల్లి పేరు అడిగి రాసుకుంది. సొంత నౌకాదళం పుస్తకం కంటే శత్రువు కార్డులోనే ఆ మనిషి ఎక్కువ కనిపిస్తాడు. ఇది నన్ను బాధపెడుతుంది, అయినా నిజం.

తోటి ఖైదీల మాటా వినాలి. విడుదలైనవాళ్లు నింపిన ప్రశ్నపత్రాలు డబ్ల్యూఓ 344లో ఉన్నాయి, సుమారు 1,40,000. నావికులవీ అందులోనే. చనిపోయినవాడు ఏమీ రాయలేడు. అతని పక్కన పడుకున్నవాడు ఎక్కడెక్కడ ఉన్నాడో, ఏ పని చేశాడో రాస్తే, అది ఇతని కథ కూడా అవుతుంది.

ఇక అంబన్ ముడి. 1961లో ఇండోనేషియా ప్రభుత్వం కోరిక మీద మకస్సర్ యుద్ధ శ్మశానంలోని 503 సమాధుల్ని అంబన్‌కు మార్చారు. సమాధుల జాబితాలోని నంబరు పెన్షన్ కాగితం మీది నంబరుతో సరిపోయింది. ఆ సమాధి ఆయనదే. బతికుండగా ఆయన అంబన్ చూడలేదు.

ఎక్సెటర్ ఇప్పుడు సముద్రం అడుగున కూడా లేదు. పాత ఇనుము కోసం ఆ ఓడను దాదాపు మొత్తం ఎత్తుకుపోయారని 2016లో బయటపడింది. అందుకే ఈ కాగితాల విలువ ఇంకా పెరిగింది.

మన తీరంలోనూ తరతరాలుగా ఓడ ఉద్యోగాలు చేసిన కుటుంబాలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు పట్టుకున్న వర్తక ఓడల్లోని భారతీయ నావికులు ఉత్తర జర్మనీలోని మిలాగ్ నార్డ్ శిబిరంలో ఉన్నారు. పట్టుబడిన వర్తక నావికుల కాగితాలు క్యూలోనే బీటీ 373 అనే వరసలో ఉన్నాయి, ఆసియావాళ్లవి సహా. మీ ఇంట్లో ముత్తాతగారి పాత సీడీసీ పుస్తకం, అంటే ఓడ ఉద్యోగాలు నమోదు చేసే పుస్తకం, ఉంటే పారేయకండి. అందులోని నంబరు, ఓడ పేరు, తేదీలు ఈరోజే రాసిపెట్టుకోండి. వెతకడానికి ఆ మూడూ చాలు.