స్పీకర్లు కొన్నాం, బ్రేక్ ఆయిల్ మార్చలేదు



పోస్టు కొంచెం పెద్దదే. కానీ చదువుకి, సంతకి, ఆసుపత్రికి ఘాట్ దిగేవాళ్లందరూ చివరిదాకా చదవాలని కోరుతున్నాం. మా తప్పు గురించి మేమే రాసుకుంటున్నాం.

మేం నలుగురం కలిసి ఒక పాత జీపు కొన్నాం. సంత రోజుల్లో కిరాయికి తిప్పుతాం. మొదట వచ్చిన డబ్బులతో స్పీకర్లు పెట్టించాం. "బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో ఏటో, ఒకసారి చూపించుకోండి" అని మెకానిక్ చెప్తే, "బ్రేకు పడుతుంది కదా, తర్వాత చూద్దాం" అన్నాం.

ఆరోజు డిగ్రీ పరీక్ష. పాడేరు నుంచి ఘాట్ దిగుతున్నాం. బండిలో పన్నెండు మందిమి. టైం అయిపోద్దని మేమే తొందరపెట్టాం. డీజిల్ మిగులుద్దని బావ న్యూట్రల్ చేసి వదిలేశాడు. ప్రతి మలుపుకీ బ్రేకు మీదే కాలు. అమ్మవారి పాదాలు దాటి కొంత దూరం వచ్చాక కాలిన వాసన వచ్చింది. ఎవరో పోడు కాలుస్తున్నారనుకున్నాం. ఆ తర్వాతి మలుపులో పెడల్ నేలదాకా దిగిపోయింది. బండి ఆగలేదు.

బావ పెడల్‌ని గబగబా తొక్కుతూనే కిందామీదా పడి గేరులో వేశాడు. హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగాడు. లోయ వైపు పోకుండా కొండ వైపు కాలువలోకి దింపేశాడు. ఒక పక్క రేకు మొత్తం గీసుకుపోయింది. మనుషులం మిగిలాం. ఒక చెల్లి చాలాసేపు మాట్లాడలేదు.

ఎందుకలా అయ్యిందో తర్వాత మెకానిక్ విడమరిచి చెప్పాడు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140 డిగ్రీలకే మరిగిపోవచ్చు. మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు వస్తాయి. అప్పుడు తొక్కితే బుడగ నలుగుతుంది గానీ బ్రేకు పట్టదు. మా జీపులో ఆయిల్ నల్లగా మారిపోయి ఉంది. లైనింగులు కూడా కాలిపోయాయి.

ఇంజన్ ఆపేసి దిగడం ఇంకా ప్రమాదం. బ్రేకుకి బలమిచ్చే బూస్టర్ ఒకటి రెండు తొక్కుళ్లకే పనిచేసి ఆగిపోద్ది. పెడల్ రాయిలా అవుద్ది. పవర్ స్టీరింగు ఉన్న బండైతే అది కూడా బరువెక్కుద్ది.

ఇప్పుడు మేం ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగుతున్నాం. బండిని ఇంజనే పట్టి ఉంచుతుంది. బ్రేకు మీద కాలు అలాగే ఉంచకుండా, తొక్కి వేగం తగ్గించి వదిలేస్తున్నాం. వాసన వస్తే, పెడల్ మెత్తగా అనిపిస్తే ఆపేసి చల్లారనిస్తాం, నీళ్లు పోయం. చల్లారాక పెడల్ మళ్లీ గట్టిపడినా మెకానిక్‌కి చూపించకుండా వదలం. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మారుస్తాం. ఆయిల్ మట్టం తగ్గితే పైన పోసేసి ఊరుకోం, లీకుందా, ప్యాడ్లు అరిగాయా అని చూపిస్తాం. ప్యాడ్ 3 మిల్లీమీటర్లకి వస్తే మార్చేస్తాం.

బావని తిట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ తొందరపెట్టింది మేం, పన్నెండు మందిమి ఎక్కింది మేం, స్పీకర్లు కొన్నది మేం. వాసన అందరికీ వచ్చింది, ఒక్కరం కూడా "ఆపు బావా" అనలేదు. పెద్దోడు నడుపుతుంటే మనం చెప్పడమేటి అనుకున్నాం.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వెనక సీట్లో కూర్చున్నా సరే అడగండి. "అన్నా, గేరులోనే దింపుతున్నావా?" అనండి. కోప్పడితే పడనీండి. పరీక్ష పోతే సప్లిమెంటరీ ఉంటది.

స్పీకర్లు అమ్మేసి లైనింగులు వేయించాం. ఇప్పుడు జీపులో పాటలు లేవు. దిగుతుంటే ఇంజన్ శబ్దం మాత్రం బాగా వినిపిస్తుంది.

జోహార్.