మారథాన్ తర్వాతి 5కే

ఆగస్టు ఆఖరులో హైదరాబాద్ మారథాన్ ఉంటుంది. ఆగస్టు 29న ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం. ఆ రోజు జిల్లా కేంద్రాల్లో, మండలాల్లో 2కే రన్, 5కే రన్ పెడుతుంటారు. ఈమధ్య ఏళ్లలో రెండింటికీ నడుమ వారం కూడా ఉండటం లేదు. ఆదివారం మారథాన్ చేసి వరంగల్‌కో, ఖమ్మానికో, కరీంనగర్‌కో బస్సెక్కి వచ్చినవాళ్లకు ఆ వారమంతా ఒకటే ఆలోచన. ఊళ్లో పరుగుకు పోవాలా, ఇంటిపట్టున ఉండాలా? పోవాలనే నా మాట. కాకపోతే ఎట్లా పోవాలన్నది తెలిసి పోవాలి.

హైదరాబాద్ మారథాన్ కాళ్లను మామూలుగా వదిలిపెట్టదు. చీకటి విడవకముందే నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలవుతుంది. రాజ్‌భవన్ రోడ్డు, పంజాగుట్ట, జూబ్లీహిల్స్ మీదుగా పోయి, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటి గచ్చిబౌలి దారి పడుతుంది. ముంబైలో పరుగెత్తి వచ్చినవాళ్లు పెద్దర్ రోడ్డు ఎత్తు గురించి కథలు కథలుగా చెబుతారు. మన దగ్గర ఫలానా ఎత్తు అని ఒకదాన్ని చూపించలేం. ఒక ఫ్లైఓవర్ దిగి ఊపిరి తీసుకునేలోపు ఇంకోటి ఎదురుగా నిలబడుతుంది. పైగా వానాకాలపు ఉక్క. పట్టిన చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ముప్పై కిలోమీటర్లు దాటేసరికి చొక్కా మీద ఉప్పు చారలు తేలతాయి.

ఎక్కేటప్పుడు అందరూ భయపడతారు గానీ, తర్వాతి వారమంతా బాధపెట్టేది దిగిన దిగుళ్లే. దిగేటప్పుడు అడుగు పడ్డ ప్రతిసారీ తొడ ముందు కండ సాగుతూనే ఒంటి బరువంతటినీ ఆపుకోవాలి. సాగుతూ బరువు మోసే కండలోనే సన్నసన్నని చిరుగులు ఎక్కువ పడతాయి. ఆ నొప్పి వెంటనే తెలియదు. గీత దాటిన సంతోషంలో ఆదివారం బాగానే గడిచిపోతుంది. సోమవారం పొద్దున మంచం దిగేటప్పుడు మొదలై, మంగళవారానికి ముదురుతుంది. మెట్లు ఎక్కడం ఎట్లాగో అవుతుంది, దిగడమే అవదు. రెయిలింగ్ పట్టుకుని పక్కవాటుగా, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగాలి. మా అవ్వ అది చూసి, "గంత దూరం ఉరికితె కాళ్లు గుంజవా బిడ్డా? సర్వపిండి చేసిన, తిని జరసేపు పండు" అన్నది. వైద్యం తెలిసినవాళ్లు చెప్పేదీ ఇంచుమించు అదే. మారథాన్‌లో కండల్లో నిల్వ ఉన్న పిండిపదార్థం దాదాపు ఖాళీ అవుతుంది. వేళకు అన్నం, రొట్టె కడుపునిండా తింటే అది మెల్లగా మళ్లీ నిండుతుంది. నిద్ర తోడైతే మనిషికి ఓపిక వస్తుంది.

అసలు చిక్కు గురువారం, శుక్రవారం వస్తుంది. నొప్పి పోతుంది. కడుపు నిండి ఉంటుంది, ఒంట్లో ఉత్సాహం ఉంటుంది. ఇంకేముంది, కోలుకున్నాం అనిపిస్తుంది. కానీ నొప్పి పోవడం వేరు, కండ మానడం వేరు. లోపలి చిరుగులు పూర్తిగా పూడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆలోగా గట్టిగా ఉరికితే కండ చేయాల్సిన పని కీలు మీద, నరం మీద, ఎముక మీద పడుతుంది. మారథాన్‌లో ఏ దెబ్బా తగలకుండా బయటపడి, తర్వాతి వారంలో చిన్న పరుగు దగ్గర పిక్క పట్టేసుకున్నవాళ్లు నాకు తెలుసు.

న్యూజిలాండ్‌కు చెందిన జాక్ ఫోస్టర్ పేరు మీద ఒక లెక్క ప్రచారంలో ఉంది. 1974లో క్రైస్ట్‌చర్చ్ కామన్వెల్త్ క్రీడల్లో నలభై ఒక్క ఏళ్ల వయసులో మారథాన్ రజతం గెలిచిన మనిషి ఆయన. పోటీలో ఎన్ని మైళ్లు పరుగెత్తావో అన్ని రోజులు మళ్లీ పోటీ జోలికి పోవద్దు అన్నది ఆ లెక్క. మారథాన్ అంటే 26 మైళ్ల చిల్లర, కాబట్టి దాదాపు నాలుగు వారాలు. దీనికి పూర్తి ఎదురుగా నిలిచేవాడు జపాన్ పరుగువీరుడు యుకి కవౌచి. సైతామాలో ప్రభుత్వోద్యోగం చేసుకుంటూ సెలవు రోజుల్లో ఊరూరా పోటీలకు తిరిగేవాడు. ఒక మారథాన్ అలసట తీరకముందే ఇంకో పరుగులో కనిపించేవాడు. పోటీలనే సాధనగా మలుచుకున్నాడు. అట్లాంటివాడు 2018 ఏప్రిల్‌లో, ఎముకలు కొరికే చలిలో, ఎదురుగాలిలో, కుండపోత వానలో బోస్టన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు. ఇద్దరూ నాకు ఇష్టమైనవాళ్లే. ఏళ్ల తరబడి ఆ బరువుకు అలవాటుపడిన కాళ్లు కవౌచివి. ఆఫీసు కుర్చీలో కూర్చుని, పొద్దున గంట పరుగెత్తే నా బోటివాడికి ఫోస్టర్ లెక్కే సరైనది. అయితే ఆయన వద్దన్నది పోటీ పడటాన్ని. పరుగుకు పోవడాన్ని కాదని నేను అర్థం చేసుకున్నాను.

మా హనుమకొండలో క్రీడా దినోత్సవం పరుగు విషయం చెప్పడానికి ఫోన్ చేసింది దగ్గర్లోని సర్కారు బడి పీఈటీ. నాకంటే చిన్నవాడు. "అన్నా, ఎల్లుండి పొద్దుగాల వడ్డేపల్లి చెరువు కట్ట మీద 5కే పెడుతున్నం. నువ్వు రావాలె" అన్నాడు. కాళ్ల సంగతి చెప్పాను. "ఉరకకున్నా మంచిదే అన్నా, వచ్చి నిలబడు. మారథాన్ చేసినాయన వచ్చిండంటె పోరగాళ్లకు ఉషారుంటది" అన్నాడు. అట్లా పిలిచిన మనిషికి రానని ఎట్లా చెబుతాం?

పెద్ద మారథాన్‌కూ ఊరి పరుగుకూ ఎంత తేడానో కట్ట మీద అడుగుపెట్టగానే తెలుస్తుంది. అక్కడ ఛాతీ మీద బిబ్, అందులో టైమింగ్ చిప్, గీత దగ్గర చాప, ఫోన్‌కు వచ్చే ఫలితం. ఇక్కడ పీఈటీ సార్ మెడలో విజిల్, చేతిలో స్టాప్‌వాచ్. నంబర్లు స్కెచ్ పెన్నుతో ముంజేతి మీద రాశారు. స్టార్ట్ గీత ముగ్గుపిండితో గీశారు. కట్ట చివర ఒక ఎర్ర కుర్చీ వేసి, అందులో ఒక టీచరమ్మ కూర్చున్నారు. ఆ కుర్చీ చుట్టూ తిరిగి వెనక్కి రావాలి. దాటినవాళ్ల అరచేతి మీద ఆమె ఒక చుక్క పెడతారు, ఎవరూ నడుమ నుంచే తిరిగి రాకుండా. ఏ పెద్ద ఏర్పాటుకూ తీసిపోని పక్కా ఏర్పాటు అది. పొద్దుటి వాకింగ్‌కు వచ్చిన పెద్దమనుషులు పక్కకు జరిగి దారిచ్చారు. పిల్లల్లో సగం మందికి బూట్లు లేవు. ఉన్నవాళ్లవి బడికి తొడుక్కొచ్చే తెల్ల క్యాన్వాసు బూట్లు.

విజిల్ ఊదగానే పోరగాళ్లంతా వంద మీటర్ల పరుగన్నట్టు దూసుకుపోయారు. నేను వెనక నుంచి కదిలాను. ఆ పొద్దున నా ఒంట్లో జరిగింది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మారథాన్ చేసిన ప్రతివాళ్లకూ అది అనుభవంలోకి వస్తుంది. ఊపిరి ఎంతో తేలికగా ఉంది. గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది. నెలల తరబడి చేసిన సాధన అంతా ఛాతీలో చెక్కుచెదరకుండా ఉంది, ఇంకా వేగం పెంచమంటోంది. కాళ్లు మాత్రం ఆ మాట వినిపించుకోవు. నొప్పి లేదు, కానీ అడుగులో చురుకు లేదు. పాదం నేలను తాకి పైకి లేవాల్సిన చోట ఒక క్షణం ఎక్కువ ఆగుతోంది. తొడలు తడిసిన గోనెసంచుల్లా బరువుగా ఉన్నాయి. మొదటి కిలోమీటరులో ఈ రెండింటి నడుమ ఒక ఒప్పందానికి రావాలి. ఛాతీ అడిగిన వేగం కాదు, కాళ్లు ఇచ్చిన వేగమే మన వేగం. ఒకసారి ఆ మాటకు కట్టుబడితే ఇక హాయిగా ఉంటుంది. వాచీ చూడాల్సిన పని ఉండదు. కట్ట చదునుగా ఉంది, ఫ్లైఓవర్లు లేవు. చెరువు మీదుగా గాలి వస్తోంది. మారథాన్‌లో పక్కన ఎవరు పరుగెత్తుతున్నారో కూడా నేను చూసుకోలేదు. ఇక్కడ ప్రతి ముఖమూ కనిపించింది.

ఏడో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి నాకు పదే పదే ఎదురయింది. రివ్వున ఉరికి నన్ను దాటిపోతుంది. కాస్త దూరం పోయాక పక్కటెముకల కింద పట్టేసి, నడుం మీద చేయి వేసుకుని నడుస్తుంది. నేను నా అడుగులో నేను పోయి ఆమెను కలుస్తాను. నన్ను చూడగానే మళ్లీ ఉరుకుతుంది. ఆమె ఎడమ బూటుకు లేసు లేదు, పురికొస కట్టుకుంది. సగం దూరం పోయాక అడిగింది.

"సార్, మీరు ఆగరా?"

"ఆగను బిడ్డా. మెల్లగ పోత."

"మెల్లగ పోతె ఓడిపోరా?"

"నాతోని వచ్చి చూడు. మాట్లాడుకుంట పోవాలె. మాట్లాడలేకపోతున్నమంటె జోరు ఎక్కువైనట్టు."

ఆ తర్వాత నా పక్కనే పరుగెత్తింది. వాళ్ల బడి గురించి, చెల్లెలి గురించి, పొద్దున నాన్న బండి మీద దింపిపోయిన సంగతి గురించి చెబుతూ వచ్చింది. ఎర్ర కుర్చీ దగ్గర ఇద్దరం అరచేతిలో చుక్క పెట్టించుకున్నాం. తిరుగుదారిలో మొదట దూసుకుపోయిన పిల్లలు ఒక్కొక్కరే నడుస్తూ కనిపించారు, ఒక్కొక్కరినే దాటుతూ వచ్చాం. చివరి రెండు వందల మీటర్లు ఉన్నాయనగా, "ఇగ నీ ఇష్టం, ఎంత జోరుగ పోతవో పో" అన్నాను. పోయింది. ఆడపిల్లల్లో మూడో స్థానం. స్టీలు టిఫిన్ డబ్బా బహుమతి వచ్చింది. కాళ్లు తాజాగా ఉండి, వాచీ చూసుకుంటూ ముందు వరుసలో పరుగెత్తి ఉంటే నేను ఆ అమ్మాయిని చూసేవాణ్ణే కాదు. మారథాన్ అలసట నన్ను వెనక వరుసలో నిలబెట్టింది. ఆ వెనక వరుసలో చేయాల్సిన పని చాలా ఉంది.

ఈ ముగ్గుపిండి గీతల విలువ మా వైపు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. దీప్తి జీవాంజిది పర్వతగిరి మండలం కల్లెడ. ఆ ఊరి బడిలో పరుగు మొదలుపెట్టిన పిల్ల. 2024లో కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల పరుగులో, మేధో వైకల్యం ఉన్నవాళ్ల టీ20 విభాగంలో 55.07 సెకన్ల ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆమె కాళ్లలోని వేగాన్ని మొదట కనిపెట్టింది ఏ మహానగరపు స్టేడియమో కాదు, పల్లెటూరి బడి. అట్లాంటి పిల్లలు ప్రతి మండలంలోనూ ఉంటారు. వాళ్ల కంటపడేది మాత్రం ఏడాదికోసారి జరిగే ఇట్లాంటి 2కే, 5కే పరుగులే. అందులో పెద్దవాళ్లు ఎవరూ పరుగెత్తకుండా, ఫొటోలు దిగి జెండా ఊపి వెళ్లిపోతే, ఆ పిల్లలకు పరుగంటే మొదటి వంద మీటర్ల దూకుడు, తర్వాతి పక్కనొప్పి మాత్రమే మిగులుతాయి. ఊపిరిని ఎట్లా పొదుపు చేసుకోవాలో, అడుగును ఎట్లా నిలుపుకోవాలో పక్కన పరుగెత్తేవాళ్లే నేర్పాలి. 42 కిలోమీటర్లు పరుగెత్తినవాళ్లకు తప్పకుండా తెలిసే విద్య అదొక్కటే.

అందుకని మారథాన్ చేసిన మిత్రులకు నా విన్నపం. ఆ వారంలో మీ ఊళ్లో చిన్న పరుగు ఉంటే వెళ్లండి. వాచీ ఇంట్లో పెట్టి వెళ్లండి. ముందు పది నిమిషాలు నడిచి, కాళ్లు వేడెక్కాకే గీత దగ్గరికి రండి. మాట్లాడగలిగినంత జోరు దాటకండి. రెండు కాళ్లూ సమానంగా బరువుగా ఉంటే అది అలసట, దానితో మెల్లగా పరుగెత్తవచ్చు. నొప్పి ఒక్క కాలికే ఉన్నా, వేలితో నొక్కితే ఎముక మీద ఒకే చోట కలుక్కుమన్నా, వాపు ఉన్నా, కుంటుతున్నా, జ్వరం ఉన్నా ఆ రోజు పరుగు మానెయ్యాలి. నొప్పి మాత్ర మింగి ఉరకడం అసలే వద్దు. అది ఒళ్లు చేసే హెచ్చరికను మన చెవిన పడనీయదు. పరుగెత్తలేకపోతే కట్ట చివర కుర్చీలో కూర్చునే మనిషి కావాలి, నీళ్ల గ్లాసులు అందించేవాళ్లు కావాలి, చేతుల మీద నంబర్లు రాసేవాళ్లు కావాలి. అప్పుడైనా వెళ్లండి. ఊరి పరుగుకు చాలాచోట్ల ఫీజు ఉండదు, ముందుగా పేరు రాయించుకోనక్కర్లేదు. మీ దగ్గర్లోని సర్కారు బడి పీఈటీని అడిగితే ఎప్పుడో, ఎక్కడో చెబుతారు.