దూరానికి కట్టే అద్దె

పల్లెలో బతుకు చవక అనేవాళ్లు ముందుగా ఎత్తేది ఇంటద్దె మాటే. హైదరాబాదులో రెండు గదుల వాటాకే జీతంలో మంచి భాగం పోతుంది. ఊళ్లో అయితే సొంత ఇల్లు, పెరట్లో మునగచెట్టు, కేంద్రానికి పోయకముందే ఇంట్లోకి తీసి ఉంచుకునే పాలు. ఈ లెక్కలో అబద్ధం లేదు, కానీ ఇది సగం లెక్కే. సబ్బుబిళ్ల, వంటగ్యాసు, పెట్రోలు, ఫోను రీచార్జి ఊరు చిన్నదని తక్కువకు రావు. చాలా ఊళ్లకు కూరగాయలు కూడా పట్నం మార్కెట్ నుంచే ఆటోలో వస్తాయి. టమాటా పండించిన రైతు దాన్ని యార్డులో టోకున అమ్ముకుని, తనకు కావలసిన బెండకాయలు ఆ ఆటో దగ్గర చిల్లరగా కొంటాడు. పల్లెలో నిజంగా కలిసొచ్చేవి ఇల్లూ, పాలూ, పెరటి కూరా. వాటివల్ల మిగిలిన డబ్బులో చాలావరకు దూరానికి పోతుంది. పల్లెవాసి ఇంటికి కట్టని అద్దెను దూరానికి కడతాడు.

సర్వే అంకెలు వేరే మాట చెబుతున్నాయి కదా అనవచ్చు. జాతీయ గణాంక కార్యాలయం 2023-24లో చేసిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో నెలకు తలసరి ఖర్చు 4,122 రూపాయలు, పట్టణాల్లో 6,996. అయితే ఆ సర్వే లెక్కకట్టేది జనం పెట్టిన ఖర్చును. పెట్టలేక మానుకున్నది అందులోకి రాదు. ఎవరు తీసుకెళ్తారులే అని నెలల తరబడి ఓర్చుకున్న పంటినొప్పి, బస్సు లేక ఇంటర్‌తో ఆగిపోయిన ఆడపిల్ల చదువు ఆ లెక్కలో పైసా ఖర్చు లేనివే. 2011-12లో పట్టణ ఖర్చు పల్లె ఖర్చు కన్నా 84 శాతం ఎక్కువ. ఇప్పుడా తేడా 70 శాతానికి దిగింది. పల్లె కూడా ఖరీదైపోయిందని కొందరు దీన్ని చూసి నొచ్చుకుంటారు. ఇన్నాళ్లూ మానుకున్నవాటిలో కొన్నయినా జనం కొనుక్కోగలుగుతున్నారని నాకు అనిపిస్తుంది.

దూరం ఖరీదు ఎంతో తెలియాలంటే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు చూడాలి. కొబ్బరి, జీడి, పనస తోటలు, పక్కనే సముద్రం. ఉద్యానమన్న మాటే ఉద్దానం అయిందంటారు. పట్నంలో ఎంత పోసినా దొరకని గాలి. అలాంటి చోట దశాబ్దాలుగా, కారణం ఇదీ అని తేలకుండా, కిడ్నీ జబ్బు ఊళ్లకు ఊళ్లను పట్టి పీడిస్తోంది. డయాలసిస్ మొదలయ్యాక వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకోవాలి. దగ్గర్లో కేంద్రాలు లేని రోజుల్లో దానికోసం 150 కిలోమీటర్లు దాటి విశాఖపట్నం వెళ్లాల్సి వచ్చేది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చి ఆసుపత్రి బిల్లు తప్పించింది, నిజమే. కానీ రోగి ఒక్కడే వెళ్లలేడు. తోడు వెళ్లే భార్యకో కొడుక్కో ఆ రోజు కూలి పోతుంది. చీకటితో ఆటో, ఆపైన రైలు, ఆసుపత్రి బయట ఇద్దరికీ భోజనం, ఇల్లు చేరేసరికి రాత్రి. రెండ్రోజులు తిరగకుండా మళ్లీ ప్రయాణం. ఇది పడలేక ఆసుపత్రి దగ్గరే గది తీసుకుంటే, ఊళ్లో చవకైన ఇంటికి తాళం పడి పట్నం అద్దె నెత్తిన పడుతుంది. తర్వాత పలాస, సోంపేట, కవిటి వంటిచోట్ల డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. జబ్బు పోలేదు, బియ్యం ధరా తగ్గలేదు. అయినా ఆ ఇళ్లకు సొంత ఊళ్లో బతకడం మునుపటికన్నా చవకైంది.

నగరంలో మాత్రం దూరం లేదా? ఉంది. అక్కడి అద్దె నిజానికి దగ్గరగా ఉన్నందుకు ఇచ్చే డబ్బు. అది ఇచ్చుకోలేనివాళ్లు శివార్లకు జరిగి, రోజుకు రెండు మూడు గంటలు రోడ్డుకు సమర్పించుకుంటారు. వాళ్లమీద రెండు అద్దెలూ పడతాయి. ఇంతకన్నా బలమైన వాదన మరొకటుంది: పల్లెలో మనుషులున్నారు కదా అని. పసిపిల్లను పక్కింటి అవ్వ చూసుకోవడం చిన్న విషయం కాదు. కానీ ఆ ఆసరాకూ ఖాతా ఉంటుంది. పెళ్లిలో ఎవరెంత చదివించారో పేరుపేరునా రాసిన పుస్తకం బీరువాలో భద్రంగా ఉంటుంది. వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు, చేతిలో ఉన్నా లేకున్నా, దానిమీద కొంత కలిపి తీర్చాలి. పైగా ఆ ఆసరా కులం గీత దగ్గర ఆగిపోయే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. నగరంలో ఇంటి ఓనరు కులం అడగడని కాదు. అడిగితే మరో వీధి చూసుకోవచ్చు.

పల్లెలో అసలు ఖర్చు దూరానిదే కాబట్టి బస్సు నాకు పెద్ద విషయంగా కనిపిస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. చాలా మంచి పని. ఇక ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి మాత్రమే బస్సు వచ్చే ఊళ్లో, మధ్యాహ్నం కాలేజీ వదిలిన పిల్లకు కావలసింది మరొక ట్రిప్పు.