ప్రియదర్శిని



1957వ సంవత్సరమున విడుదలైన మాయాబజార్ చలనచిత్రమును ఎరుగని తెలుగువారు అరుదు. కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున, పింగళి నాగేంద్రరావుగారి రచనతో వెలువడిన ఆ చిత్రమున ప్రియదర్శిని అను పేటిక ఒకటి కలదు. మూత తెరచి చూచినవారికి, వారి మనస్సునకు ఏది ప్రియమో అది అందులో కనబడును. శశిరేఖకు అభిమన్యుడు కనబడెను. బలరామునకు దుర్యోధనుడు కనబడెను. శ్రీకృష్ణుడు చూడగా శకుని కనబడెను! ప్రేక్షకులు ఆ చోట నవ్వుదురు. నవ్వి ముందుకు సాగుదురు.

నేడు ఆ పేటిక ఇంటింటను ఉన్నది. 2016 సెప్టెంబరులో జియో సేవలు ఆరంభమైన పిదప అంతర్జాలము చౌకయై పల్లెపల్లెకు ప్రవహించినది. అరచేతిలోని అద్దమున ఆటలు, పాటలు, హాస్యములు, వివాదములు అహోరాత్రములు నడచుచున్నవి. వినోదమే దోషమని శాస్త్రము చెప్పలేదు. కంటికి చూడదగినదియు చెవికి వినదగినదియు అగు క్రీడావస్తువును ఇమ్మని ఇంద్రాది దేవతలు బ్రహ్మను ప్రార్థింపగా నాట్యవేదము పుట్టినదని భరతముని నాట్యశాస్త్ర ప్రథమాధ్యాయము చెప్పుచున్నది. కావున ఆట తప్పు కాదు. ఆటలో మనస్సు ఏమగుచున్నది అనునదే విచారణీయము.

కోనసీమలో గౌతమీతీరమున ఒక అగ్రహారమందు ఒక ఘనపాఠిగారు కలరు. కృష్ణయజుర్వేదమున క్రమాంతము, ఘనాంతము నేర్చి, నలుబది ఏండ్లుగా పాఠము చెప్పుచున్నవారు. వారి ఇంట ఆరుగురు విద్యార్థులు గురుకులవాసము చేయుచున్నారు. అందరిలో పెద్దవానికి పదునైదేండ్లు. తండ్రి లేడు. తల్లి హైదరాబాదున ఒక వసతిగృహమున వంట చేయుచున్నది.

ఒక అష్టమినాడు, అనధ్యయనము గనుక పిల్లలు విశ్రమించియుండగా, ఆ పెద్దవాని దుప్పటిలో వెలుగు కనబడినది. గురువుగారు దుప్పటి తొలగించి చూడగా సెల్‌ఫోను. అందులో క్రికెట్టు ఆట.

“ఎవరిచ్చార్రా ఇది?”

“అమ్మ ఇచ్చిందండీ. రాత్రిపూట మాట్లాడ్డానికి.”

గురువుగారు దానిని స్వాధీనము చేసికొనిరి. పౌర్ణమి వెళ్లగానే వానిని తల్లివద్దకు పంపివేయవలెనని నిశ్చయించిరి. ఏడేండ్ల చదువు నడుమ తెగిపోవునని ధర్మపత్ని చెప్పిచూచినది. “వేదం, ఆ పెట్టె ఒకే నోట్లో ఇమడవు” అని వారు సమాధానమిచ్చిరి.

ఆ రాత్రి ఫోను మ్రోగినది. పిల్లవాని తల్లి. ఆమెతో రెండు మాటలు చెప్పి, దానిని ఆర్పు విధము తెలియక గురువుగారు అక్కడక్కడ నొక్కిరి. దైవికముగా ఒక వేదపారాయణము వినబడినది. కాశీలో ఎవరో పండితులు ఘన చెప్పుచున్నారు. స్వరము శుద్ధముగా ఉన్నది. విని ఆనందించిరి. అది ముగియగానే మరియొకటి వచ్చెను. పిమ్మట ఒక పండితుడు మరియొక పండితుని ఖండించుచున్న సభ. ఆపైన ఆ రెండవవారి ప్రత్యుత్తరము. ఆపైన ఇరువురిని నిందించు మూడవవారు. గడియారము చూచుసరికి రాత్రి ఒంటిగంట.

మరునాడును అట్లే జరిగినది. ఆ మరునాడును అంతే. సాయంసంధ్య పిమ్మట చేయు జపము కొంత కుదించబడినది. ఇల్లాలు గమనించినది, ఏమియు అనలేదు.

నాలుగవనాటి ఉదయము సంథ జరుగుచున్నది. గురువు ఒకమారు చెప్పగా శిష్యులు రెండుమారులు చెప్పుట సంథ యొక్క పద్ధతి. గురువుగారు ఒక వాక్యము చెప్పిరి. చిన్నపిల్లలు అందుకొనిరి. పెద్దవాడు మాత్రము నోరు మెదపలేదు.

“ఏరా, ఎందుకు ఆగిపోయావు?”

పిల్లవాడు తల వంచుకొనెను.

“చెప్పు.”

“అక్కడ అనుదాత్తం కదండీ గురువుగారూ. మీరే చెప్పారు.”

నలుబది ఏండ్లలో తప్పని స్వరము తప్పినది. దానిని పట్టుకొన్నవాడు, అయోగ్యుడని వారు ఇంటికి పంపదలచిన శిష్యుడు. గురువుగారు కొంతసేపు మౌనముగా కూర్చుండిరి. “నువ్వు చెప్పినదే సరి. నువ్వు చెప్పు, వీళ్లు అందుకుంటారు” అని ఆ దినము పాఠమును వానిచేత నడిపించిరి.

మధ్యాహ్నము వానిని పిలిచి ఫోను చేతికిచ్చిరి. వాడు తెరచి చూచి తెల్లబోయెను. క్రికెట్టు ఎచ్చటను లేదు. తెరనిండ పండితుల కలహములే.

“గురువుగారూ, ఇదేమిటండీ? ఇందులో అన్నీ తగాదాలే వస్తున్నాయి.”

“అవి నావిరా నాయనా” అని వారు మెల్లగా అనిరి.

ఆ యంత్రమునకు మనస్సు లేదు, గణనమే కలదు. యూట్యూబు 2012వ సంవత్సరమున తన సిఫారసుల విధానమును మార్చి, ఎన్నిమారులు నొక్కితిరి అనుదానికంటె ఎంతసేపు చూచితిరి అనుదానికి ప్రాధాన్యమిచ్చినది. ఏ దృశ్యమువద్ద చూపు నిలిచినదో, అటువంటిదే మరల మరల వచ్చును. భగవద్గీత ద్వితీయాధ్యాయమున 62, 63 శ్లోకములలో భగవానుడు చెప్పిన క్రమము ఇదియే. విషయమువద్ద మనస్సు నిలుచుటవలన సంగము, సంగమువలన కామము, కామమువలన క్రోధము, క్రోధమువలన సమ్మోహము, సమ్మోహమువలన స్మృతిభ్రంశము, అందుండి బుద్ధినాశము కలుగును. ఘనపాఠిగారికి స్మృతిభ్రంశము ఒక అనుదాత్తము రూపమున ప్రత్యక్షమైనది. శిష్యుడు ఆగకుండినచో ఆ తప్పు ఆరు కంఠములలోనికి ప్రవేశించి, వారి శిష్యులవరకు పోయియుండెడిది. అక్షరమైనను స్వరమైనను చెదరకుండ వచ్చిన పరంపరకు మూడు రాత్రుల జాగరణము చాలినది.

కఠోపనిషత్తు శ్రేయస్సు వేరు, ప్రేయస్సు వేరని చెప్పుచున్నది. రెండును మనుష్యుని సమీపించును. ధీరుడు పరిశీలించి శ్రేయస్సును వరించును. యమధర్మరాజు నచికేతునకు ఏనుగులను, గుఱ్ఱములను, బంగారమును, రథములపై వాద్యములతో వచ్చు సుందరులను చూపెను. ఇవి రేపటికి నిలుచునవి కావనియు, ఇంద్రియముల తేజస్సును హరించుననియు ఆ బాలుడు నిరాకరించెను. పేటిక పేరు ప్రియదర్శిని. ప్రియమును చూపుటే దాని పని. శ్రేయస్సును చూపుమని దానిని కోరుట వ్యర్థము.

అయినను అది చేయు ఉపకారము ఒకటి కలదు. చూచువాడు ఎవరో అది చూపును. పిల్లవానికి ఆట ప్రియము. అది వయస్సునకు తగినదే. వేదమే తన ప్రియమని గురువుగారు నలుబది ఏండ్లుగా నమ్మిరి. వేదముతోపాటు ఇతరుల ఓటమి కూడ ప్రియమైయున్నదని ఆ తెర చెప్పినది. ఈ మాటను ఏ శిష్యుడును చెప్పజాలడు. ఏ మిత్రుడును చెప్పడు.

పిల్లవాని ప్రయాణము మానిరి. ఫోను వసారాలోని గూటిలో ఉంచబడినది. ప్రతిదినము సాయంసంధ్య ముగిసిన పిదప వాడు అందరి ఎదుట తల్లితో మాట్లాడి, మరల అచ్చటనే పెట్టును. గురువుగారు దానిని తాకరు. నిషేధము మొదట తమకే విధించుకొనిరి.

పౌర్ణమినాడు అనధ్యయనము. ఆ సాయంకాలము ఇల్లాలు టీవీలో మాయాబజార్ పెట్టగా పిల్లలందరు చుట్టు చేరిరి. గురువుగారును వచ్చి గోడకు ఆనుకొని కూర్చుండిరి. శ్రీకృష్ణుడు పేటికలో చూడగా శకుని కనబడెను. పిల్లలు నవ్వబోయి, పెద్దవాని చూపును అనుసరించి గురువుగారివైపు తిరిగిరి.

అప్పటికే వారు నవ్వుచున్నారు.

స్వస్తి.