నల్ల దీవిలో తెల్ల ఇళ్లు

ఆఫ్రికా ఖండానికి పడమట, అట్లాంటిక్ మహాసముద్రంలో కెనరీ దీవులున్నాయి. అవి స్పెయిన్ దేశానివి. వాటిలో ఒకటి లాంజరోటే.

1730లో ఈ దీవిలో భూమి బద్దలై నిప్పులు కక్కింది. 1736 దాకా అది పూర్తిగా చల్లారలేదు. కరిగిన రాయి ఏరులై పారి, ఊళ్లనూ పొలాలనూ కప్పేసింది. దీవిలో సుమారు నాలుగో వంతు నల్లని రాతిబీడు అయిపోయింది. అక్కడ వానలు కూడా బహు తక్కువ.

చాలామంది వలసపోయారు. మిగిలిన రైతులు ఒక సంగతి గమనించారు. కొండ కక్కిన నల్లని రజను రాత్రిపూట తేమను పట్టి ఉంచుతుంది! వాళ్లు ఆ రజనులో గోతులు తవ్వి, అడుగున ఉన్న మట్టిలో ద్రాక్ష నాటారు. గాలి కొట్టకుండా ఒక్కొక్క గోతి చుట్టూ అర్ధచంద్రాకారంగా రాళ్లు పేర్చారు. లా హెరియా అనే చోట ఈనాటికీ ద్రాక్ష ఇలాగే పండుతున్నది.

ఈ దీవిలో 1919లో సెసార్ మన్రీకే అనే చిత్రకారుడు పుట్టాడు. ఆయన మాడ్రిడ్‌లో చదువుకుని, కొంతకాలం న్యూయార్కులో ఉండి, 1966లో తన దీవికి తిరిగి వచ్చేశాడు. అప్పటికే యాత్రికులు రాసాగారు. పెద్ద పెద్ద మేడలు లేస్తే తన దీవి కూడా అన్ని చోట్లలాగే అయిపోతుందని ఆయనకు బెంగ పట్టుకున్నది. దీవి పాలకమండలి అధ్యక్షుడు ఆయన స్నేహితుడు. ఇద్దరూ కలిసి పనికి పూనుకున్నారు.

కరిగిన రాయి పారేటప్పుడు పైభాగం ముందు గట్టిపడుతుంది, లోపలిది జారిపోతుంది. అందువల్ల పొడవాటి సొరంగాలు ఏర్పడతాయి. అలాంటి సొరంగం ఒకదానిలో మన్రీకే యాత్రికులకు విహారస్థలం అమర్చాడు. అందులోని నీటి మడుగులో చూపులేని తెల్లని చిన్న పీతలున్నాయి. వాటికి హాని కలగకుండా చూశారు. 1968లో ఆయన తన ఇంటికి ఐదు రాతి బుడగలనే కింది గదులుగా చేసుకున్నాడు. రైతులు రజను తవ్వుకుపోగా మిగిలిన ఒక గోతిలో 1990 నాటికి జెముడుమొక్కల తోట వెలిసింది. టిమన్‌ఫాయా కొండమీద ఆయన కట్టించిన భోజనశాలలో మాంసం కాల్చటానికి కట్టెలు అక్కర్లేదు. భూమిలోని వేడే చాలు!

ఇళ్లు పొట్టిగా ఉండాలనీ, గోడలకు సున్నం కొట్టాలనీ, తలుపులకు ఆకుపచ్చ రంగో, సముద్రపు ఒడ్డున నీలం రంగో వేయాలనీ ఆయన జనానికి నచ్చజెప్పాడు. దారుల వెంట ప్రకటనల బోర్డులు నిలబెట్టనివ్వలేదు.

అయినా డబ్బు ఆశ చిన్నది కాదు. 1980 తరవాత తీరంలో హోటళ్లు కిక్కిరిసి పెరిగాయి. మన్రీకే వీధికెక్కి వాటిని ఎదిరించాడు. 1992 సెప్టెంబరు 25న ఆయన మోటారు ప్రమాదంలో మరణించాడు. మరుసటి ఏడు యునెస్కో ఆ దీవిని జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. 2019లో అక్కడి విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు.

ఈనాడు లాంజరోటే దారిలో పోయేవారికి, బోర్డులు నిలబడవలసిన చోట నల్లని కొండలు కనిపిస్తాయి. వాటి కింద తెల్లని చిన్న ఇళ్లు కనిపిస్తాయి. మన్రీకే గీసిన చిత్రాలన్నిటిలోకీ పెద్దది ఇదే.