రోడ్డు మీద నిలబడే పోలీసు కోసం



పోలీసు ప్రాణానికి ముప్పు అనగానే మనకు తుపాకీ గుర్తొస్తుంది. కానీ అమెరికాలో రోడ్డు పక్కన నిలబడి డ్యూటీ చేస్తూ, దూసుకొచ్చిన కారు గుద్ది చనిపోయే పోలీసులు ఏటా ఉంటున్నారు. అందుకే ఈసారి అక్కడి ఒక శిక్షణ గురించి రాస్తున్నాను.

ఆ దేశపు ఫెడరల్ హైవే శాఖ 2012 నుంచి నడుపుతున్న ఈ తరగతుల్లో పోలీసులు, ఫైర్ సిబ్బంది, అంబులెన్సువాళ్లు, చెడిపోయిన బండ్లను లాక్కెళ్లేవాళ్లు ఒకే గదిలో కూర్చుంటారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. అర్ధరాత్రి ప్రమాద స్థలంలో కలిసి పనిచేయాల్సినవాళ్లు ముందే ఒకరి పద్ధతి ఒకరు తెలుసుకుంటారు.

నేర్పేవి చిన్న సంగతుల్లాగే వినిపిస్తాయి. వచ్చే బండ్లకు వీపు చూపించొద్దు. ఆగిన రెండు వాహనాల మధ్య నిలబడొద్దు. ఫైరింజన్ లాంటి పెద్ద బండిని ప్రమాదం జరిగిన లేనుకీ, దాని పక్క లేనుకీ అడ్డంగా ఏటవాలుగా పెట్టి, ఆ చాటున పని చేయాలి. దాన్ని వెనకనుంచి ఏదైనా గుద్దినా మనుషుల మీదికి పోకుండా చక్రాలు పక్కకు తిప్పి ఉంచాలి. నాకు కొత్తగా తోచింది లైట్ల విషయం. రాత్రిపూట మెరిసే లైట్లు మరీ ఎక్కువైతే డ్రైవరు కళ్లు చెదిరి, నిలబడ్డ మనిషే కనబడడు. అందుకని అవసరం తీరాక కొన్నిటిని ఆర్పేయమంటారు.

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. డ్రైవరు మూడు సెకన్లు ఫోను చూస్తే, ఎంత నేర్చిన పోలీసైనా తప్పుకోలేడు. అందుకే అక్కడి 50 రాష్ట్రాల్లోనూ చట్టం ఉంది: లైట్లు వెలుగుతూ ఆగిన పోలీసు బండి కనబడితే పక్క లేనులోకి జరగాలి, కుదరకపోతే వేగం తగ్గించాలి. సౌత్ కరోలినాలో 1996లో వచ్చిన చట్టంతో ఇది మొదలైంది. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో కారు నడిపే మీ పిల్లలతో ఈ వారం ఫోనులో ఈ మాట కూడా ఎత్తండి.

మన హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద లారీ తిరగబడితే, చీకట్లో టార్చి ఊపుతూ నిలబడేది ఓ కానిస్టేబులే. అతనికీ ఇలాంటి తరగతి, మెరిసే జాకెట్టు, సరిపడా కోన్లు దక్కాలి. పోలీసు శాఖలో పనిచేస్తున్న పాఠకులారా, రోడ్డు మీద ఎలా నిలబడాలో మీకు ఎవరు, ఎప్పుడు నేర్పారో రాయండి. వచ్చే ఉత్తరంలో వాటిని అందరితో పంచుకుంటాను.

మీ
సంపాదకుడు