మిద్దె మీద తునకలు

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ముప్పై కిలోమీటర్ల దారి. ఎండాకాలంలో ఆ చుట్టుపక్కల మిద్దెలెక్కి చూస్తే ఇంటి ఏడాది వంటలో సగం అక్కడే ఎండుతూ ఉంటుంది. మిరపకాయలు, వడియాలు, చింతపండు, ఒక్కోచోట ఓ మూల దండేనికి వేలాడే ఎండు తునకలు. నేను వెళ్ళింది ఆ తునకల కోసమే. వేటమాంసాన్ని పొగబెట్టి ఇంట్లో ఎలా నిలవ చేస్తారో చూడాలని బయల్దేరితే, ఇక్కడ పొగా లేదు, వేటా లేదు. అది లోటు కాదని నా వాదన. ఈ నేలలో మాంసం నిలవబెట్టే విద్య కత్తిలోనూ ఉప్పులోనూ పొడిగాలిలోనూ ఉంది గాని, అడవి జంతువులోనో పొగలోనో లేదు. కోస్తాలో వేటమాంసమంటే మేక మాంసమే కదా, మాట ఎప్పుడో అడవి దాటి ఇంటికి వచ్చేసింది.

పనంతా కోతలోనే ఉంది. పొట్టేలు తొడకండ తీసుకుని కొవ్వు, పొర, ఈనె అన్నీ ఒలిచేస్తారు. కత్తిపీట ముందు కూర్చున్న ఆమె కండను అడ్డంగా తెగనివ్వదు. ఒక కొస దాకా చీల్చి, ఇంకా పూర్తిగా విడిపోకముందే ఆపి, తిప్పి పట్టుకుని రెండో వైపు నుంచి చీలుస్తుంది. పిడికెడు ముద్ద చూస్తూండగానే మూరెడు పట్టీగా సాగుతుంది. మందం చిటికెన వేలులో సగం కూడా ఉండదు. ఉప్పు, పసుపు, కాస్త కారం పట్టించి, దబ్బనంతో పురికొసకు గుచ్చి, ఒకదానికొకటి తగలకుండా ఆరగడతారు. కొవ్వు తీసేయడం రుచి కోసం కాదు. నీరు ఎండుతుంది గాని కొవ్వు ఎండదు, గాలి తగిలి ముక్కిపోతుంది. పలచగా కోయడం కూడా అందం కోసం కాదు. పచ్చి మాంసంలో ముప్పాతిక వంతు నీరే. లోపలి నీరు పైకి వచ్చి ఆరిపోవడానికి ఎంత తక్కువ దూరం ఉంటే, క్రిములు పెరగడానికి అంత తక్కువ వ్యవధి దొరుకుతుంది. కిలో మాంసం చివరికి దాదాపు మూడో వంతుకు దిగుతుంది. మిగిలిన కాస్త నీటినీ ఉప్పు కట్టి పడేస్తుంది.

మరి పొగ మాటేమిటి? పొగలోని ఫినాల్ వంటి పదార్థాలు పైపొర మీద క్రిములను అణచడం, కొవ్వు చెడకుండా ఆపడం నిజమే. అయితే పొగ బాగా అలవాటైన చోట్లు ఏవో చూడండి. నాగాలాండ్‌లో పంది మాంసం పొయ్యి మీది అటక పైన రోజుల తరబడి వేలాడుతుంది. అక్కడ పడే వాన ఇక్కడికి రెండింతలకు పైనే, కాబట్టి మాంసాన్ని ఎండబెట్టే పని నిప్పు చేయక తప్పదు. పశ్చిమ కర్నూలులో ఏడాది వాన 700 మిల్లీమీటర్ల లోపే. చదునుగా మట్టి పరిచిన మిద్దెలు ఈ సీమలో నిలబడింది కూడా ఆ వాన తక్కువ కాబట్టే. వాన కరువే మిద్దెనిచ్చింది, మిద్దె ఎండబెట్టుకునే చోటునిచ్చింది. దక్షిణాఫ్రికా వాళ్ళ ఎండుమాంసం బిల్టాంగ్‌కు కూడా పొగ ఉండదు. వెనిగర్, ఉప్పు, ధనియాలు, గాలి, అంతే. పొగ కావాలో వద్దో తేల్చేది వాతావరణమేననడానికి బక్రీదు కూడా సాక్ష్యమే. దక్కను ముస్లిం ఇళ్ళలో కుర్బానీ మాంసం మిగిలితే ఎండబెట్టుకోవడం పాత అలవాటు. చాంద్రమానంలో పండగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2018 నుంచి 2020 దాకా ఆగస్టులో పడింది, 2024, 2025లలో జూన్‌లో వచ్చింది. అదే చెయ్యి, అదే ఉప్పు, కానీ ఆగస్టు ముసురులో ఆరేది వేరు, జూన్ గాలిలో ఆరేది వేరు. ముసురు పట్టినప్పుడు తునకలు పొయ్యి పైకి చేరాల్సిందే. పొగ ఇక్కడ వాననాటి ఆసరా.

ఈగల సంగతేమిటని, ఇదంతా ప్రమాదం కాదా అని ఎవరైనా అడిగితే ఆ అనుమానాన్ని కొట్టిపారేయను. అమెరికా వ్యవసాయ శాఖ జెర్కీ అనే ఎండుమాంసం చేసేవాళ్ళకు మాంసాన్ని ముందు 71 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి ఆ తర్వాతే ఎండబెట్టమంటుంది. జెర్కీని నేరుగా నములుతారు కాబట్టి ఆ జాగ్రత్త. తునకలను ఎవరూ అలా తినరు. నానబెట్టి ఉడికిస్తారు, గోంగూరలోనో దోసకాయలోనో వేస్తారు. వేడి తగలడం ఇక్కడ చివరికి జరిగింది, అంతే. కానీ ఒక చిక్కు ఉంది. స్టెఫిలోకాకస్ అనే క్రిమి పెరిగితే అది వదిలే విషం ఉడికించినా పోదు. అందుకే మొదటి పూట ముఖ్యం. పొద్దున్నే కట్టి, పైన పలచని గుడ్డ కప్పి, మధ్యాహ్నానికి పైపొర గట్టిపడేలా చూసుకోవాలి. మబ్బు పట్టిన రోజున ఈ పని పెట్టుకోకపోవడమే తెలివి. ఫ్రిజ్ ఉండగా ఈ తిప్పలెందుకన్న ప్రశ్నకైతే పెద్ద జవాబు అక్కర్లేదు. ఎండు తునక రుచి ఫ్రిజ్‌లో తయారు కాదు.

ఇక జింక. ఆలూరు, ఆస్పరి వైపు చేలలో కృష్ణజింకలు పంట మేయడం రైతుకు నిజమైన బాధ. మేసిందాన్ని తింటే తప్పేమిటన్న మాటా వినిపిస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూల్లో ఉంది. చంపితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు, 2022 సవరణ తర్వాత కనీసం 25,000 రూపాయల జరిమానా. దాని మాంసం కూడా ప్రభుత్వ ఆస్తే. నష్టపరిహారం అడగడం వేరు, ఉట్టి మీదికి ఎత్తడం వేరు. చట్టం పక్కన పెట్టినా, వేటమాంసమే తునకలకు మేలన్న మాట సగమే నిజం. కొవ్వు తక్కువన్నది నిజం. కానీ కుక్కలు తరిమిన జంతువు కండలో గ్లైకోజెన్ కరిగిపోతుంది, చనిపోయాక పులుపెక్కాల్సిన మాంసం ఎక్కదు, నల్లబారి తొందరగా చెడుతుంది. బెదరకుండా కోసిన పొట్టేలు కండ దానికంటే నిలవకు మెరుగు.

మూడోనాటికి తునకను వంచి చూస్తారు. మెత్తగా వంగితే ఇంకా ఎండాలి, వంపు దగ్గర తెల్లటి పీచు విచ్చుకుని చిట్లితే దించేయొచ్చు. దించినవాటిలో రెండు నిప్పుల మీద పడతాయి. పొగ తగిలేది అప్పుడే, నిమిషం సేపు. తర్వాత రోట్లో ఎండుమిర్చితో దంచి, పక్కన జొన్నరొట్టె పెడతారు.